ముప్పావుగంట గారి విమానం

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిది గంటల విమానంలో భార్యను ఎక్కించాలి. అది అవతలి ఊరు చేరిందన్న కబురు రాగానే కౌంటరు గదికి తాళం వేసి, ఇంటికి పోయి, ఆవిడ వండిపెట్టి వెళ్ళిన అన్నం తిని, ఫ్యాను కింద నడుం వాల్చాలి. సాయంత్రం విమానం తిరిగొచ్చేదాకా ఆయనకు వేరే పని లేదు. ఆ మాటకొస్తే ఆ విమానాశ్రయానికే వేరే పని లేదు.

విమానాశ్రయం అనగానే ఏదో గొప్పగా ఊహించుకోనక్కరలేదు. ఒక రన్‌వే, దాని పక్కన రేకుల కప్పుతో ఒక హాలు, హాలుకు ఆనుకుని కౌంటరు గది, ఒక క్యాంటీను, ఒక ఫైరింజను. అంతే. కొండల అవతల సరిగ్గా ఇలాంటిదే ఇంకొకటి. రెండింటి మధ్య మినీబస్సంత విమానం ఒకటి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తుంది. టిక్కెట్లు కొట్టేదీ, సంచులు తూచేదీ, మైకులో పిలిచేదీ, గేటు తీసేదీ అన్నీ ఆయనే. కాగితాల మీద ఆయన ఇన్‌ఛార్జి. ఊళ్ళో మాత్రం ముప్పావుగంట గారు.

ఆ పేరు ఆయన కష్టపడి సంపాదించుకున్నదే. అవతలి ఊరికి రోడ్డు మీద వెళ్ళాలంటే కొండలన్నీ చుట్టుకుంటూ పోవాలి. పొద్దున బస్సెక్కినవాడు చీకటి పడ్డాక నడుం పట్టుకుని దిగుతాడు. అదే గాలిలో అయితే తిన్నగా నూట డెబ్బై కిలోమీటర్లు, ముప్పావుగంట. ఈ సంగతిని ఆయన కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకు చెప్పి ఊరుకోలేదు. కూరగాయల బండి దగ్గర చెప్పాడు, క్షవరం కుర్చీలో కూర్చుని చెప్పాడు, పరామర్శకు వెళ్ళిన ఇళ్ళలో కూడా చెప్పాడు. "ముప్పావుగంటండీ! కళ్ళు మూసి తెరిచేలోగా అక్కడుంటారు. పైన మబ్బుల్లో ఆ హాయే వేరు!"

ఎవరికీ చెప్పనిది ఒక్కటే. మబ్బుల్లో హాయి ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళ నౌకరీలో ఆయన ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎక్కడం సరే, అది లేవడం గానీ దిగడం గానీ చూడలేదు. ఇంజను రొద పెరగగానే ఏదో పని ఉన్నట్టు గదిలోకి దూరి, తలుపు వేసుకుని, బల్ల అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. రొద దూరమయ్యాక బయటికొచ్చి, దాన్ని తానే ఎగరేసినట్టు చేతులు దులుపుకునేవాడు. అంత ఇనుము అంతమంది మనుషుల్ని మోసుకుని దేన్నీ పట్టుకోకుండా పైన ఎలా నిలబడుతుందో ఆయన బుర్రకు ఏనాడూ ఎక్కలేదు. ఎవరి సాహసం వారిది అనుకుని టిక్కెట్లు కొట్టేవాడు.

అలాంటిది ఆ రోజు ఎక్కుతున్నది సొంత భార్య. అవతలి ఊళ్ళో ఉన్న ఆవిడ చెల్లెలికి కడుపులో గడ్డ. పెద్దాసుపత్రి నుంచి వారానికొక్కసారి వచ్చే సర్జను గారు ఆ మధ్యాహ్నమే ఆపరేషను చేస్తానన్నారు. "అక్క వచ్చి చెయ్యి పట్టుకుంటేగాని నేను లోపలికి వెళ్ళను" అని చెల్లెలు మంచం మీద భీష్మించుకు కూర్చుంది. బస్సులో పోయే వ్యవధి లేదు.

"ఏవండీ, మీరూ రాకూడదూ? నాకు పొద్దుటినుంచీ గుండె దడదడలాడుతోంది" అంది ఆవిడ, హాల్లో సంచి ఒళ్ళో పెట్టుకుని.

"నేనొస్తే కౌంటరు ఎవరు చూస్తారు?"

"మధ్యలో ఆగిపోతేనో?"

"ఆగిపోవడానికి అదేమైనా ఆటోనా?" అన్నాడాయన. ఆవిడ భయం చూసేసరికి లోపలున్న తన భయం పదింతలై, అది కోపమై బయటికొచ్చింది. "పసిపిల్లలా ఏమిటిది, అందరూ చూస్తున్నారు! నోరు మూసుకుని కూర్చుంటే ముప్పావుగంటలో నీ చెల్లెలి దగ్గరుంటావు."

ఆవిడ నోరు మూసుకుంది. సంచి తీసుకుని, మెట్లెక్కి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కసారి చూస్తే చెయ్యి ఊపుదామని ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంజను రొద పెరిగింది. ఆయన గదిలోకి పోయి బల్ల పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. విమానం అవతల దిగినట్టు కబురు వచ్చేదాకా ఇవతల ఎవరూ కదలకూడదనీ, ఫైరింజను సిద్ధంగా ఉండాలనీ రూలు. ఆ కబురు చెప్పవలసింది అవతలి ఇన్‌ఛార్జి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు గానీ, ఫోనులో "బావా" అంటే "బావా" అనుకునేంత చనువు. మొదట్లో యోగక్షేమాలన్నీ మాట్లాడుకునేవారు. పోనుపోను "దిగింది", "సరే" అన్న రెండు మాటలకు వచ్చారు. ఆ రెండు మాటల కోసం ఫోను ఎత్తడం కూడా దండగనిపించి, చివరికి ఒక మిస్డ్ కాల్‌తో సరిపెట్టుకున్నారు. ఇక్కడ లేవగానే ఈయన ఒకటి ఇస్తాడు, అక్కడ దిగగానే ఆయన ఒకటి ఇస్తాడు. ఏళ్ళ తరబడి ఒక్కరోజు తేడా రాలేదు.

ఆ రోజు ఈయన మిస్డ్ కాల్ ఇచ్చి, క్యాంటీను బల్ల మీద కూర్చున్నాడు. క్యాంటీను నడిపే ఆవిడను అందరూ పిన్ని అంటారు. పిన్ని ఇచ్చిన టీ ఇంకా సగం కూడా కాలేదు. జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది.

"దిగింది" అన్నాడు ఆయన అలవాటుగా.

"అయితే నేను స్నానానికి పోతాను సార్" అని ఫైరింజను డ్రైవరు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

అప్పుడు ఆయన గోడ గడియారం చూశాడు. గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. విమానం లేచి పావుగంట కూడా కాలేదు.

"ఆగవయ్యా! అప్పుడే ఎలా దిగుతుంది?"

"గాలి వెనకనుంచి తోసిందేమో సార్."

"ఎంత తోస్తే మాత్రం నూట డెబ్బై కిలోమీటర్లు పావుగంటలోనా? అది విమానమా, ఫిరంగి గుండా?"

"పోనీ, సగం దారిలోనే దిగిందేమో బాబూ" అంది పిన్ని, మంచి చెబుతున్నాననుకుని.

"సగం దారిలో దిగడానికి అక్కడేముంది పిన్నీ?"

ముగ్గురూ ఒకేసారి తలలు తిప్పి చూశారు. సగం దారిలో కొండలున్నాయి. ఆయన చేతిలో టీ తొణికి ప్యాంటు మీద పడింది. అది కాలిందో లేదో కూడా ఆయనకు తెలియలేదు.

వెంటనే అవతలి బావకు ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మూడోసారి ఎవరో ఆడగొంతు హడావిడిగా పలికింది.

"బావ... మా బావ ఫోనండీ ఇది. ఆయన్నొక్కసారి పిలవండి."

"ఆయన మాట్లాడే స్థితిలో లేరండీ. రక్తం ఇంకా ఆగలేదు."

"రక్తమా?"

"ఇందాకే పెరికి తీశారండీ. బాగా లోతుకు దిగిపోయింది. మీరు కంగారు పడకండి, డాక్టరుగారు దగ్గరే ఉన్నారు."

"ఇంకా... ఇంకెవరికైనా?"

"ఇంకా నలుగురు బల్ల మీదున్నారండీ. అందరూ మూలుగుతున్నారు. డాక్టరుగారు ఒక్కరే, ఎంతమందినని చూస్తారు? ఉంటానండీ" అని ఫోను పెట్టేసింది.

ఆయన ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. విన్నది విన్నట్టు చెప్పాడు. విమానం ఎలా వెళ్ళిందో గానీ తుపాకీ గుండులా వెళ్ళి అవతలి విమానాశ్రయం మీదే పడిందనీ, బావను శిథిలాల్లోంచి పెరికి తీశారనీ, చివరిక్షణంలో పాపం ఆయన రూలు తప్పకుండా మిస్డ్ కాల్ ఇచ్చాడనీ ముగ్గురికీ ఒక్క నిమిషంలో స్పష్టమైపోయింది. పావుగంటలో అంతదూరం ఎలా పోయిందన్న ప్రశ్న అలాగే ఉంది. కానీ భయపడ్డవాడు లెక్కలు సరిచూసుకుంటాడా?

"నలుగురేనా సార్ బల్ల మీద? ఎక్కింది అంతకంటే ఎక్కువ మంది కదా?" అన్నాడు డ్రైవరు.

ఆ మాటకు పిన్ని ఘొల్లుమంది. ఆయనకు ఏడుపు రాలేదు. నోరు మూసుకుని కూర్చో అన్నాడు తను. ఆవిడతో ఆఖరుగా అన్న మాట అదే. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అడిగినవి తక్కువ, భయమేస్తోంది పక్కన కూర్చోమనడం ఇదే మొదటిసారి. దానికి కూడా విసుక్కున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది రేడియో. గాలి ఎటు వీస్తోందో, రన్‌వే మీదికి మేకలు వచ్చాయో లేదో పైలట్‌కు చెప్పడానికి గదిలో ఒక సెట్టు ఉంది. జవాబు రాదని తెలిసే ఆయన దాన్ని పట్టుకుని అరిచాడు.

"చెప్పండి సార్" అంది రేడియో, నిదానంగా.

ఆయన అదిరిపడి సెట్టు జారవిడిచాడు. మళ్ళీ తీసి, "బాబూ! మీరు... మీరు బతికే ఉన్నారా?" అన్నాడు.

ఆకాశంలో విమానం నడుపుతున్న మనిషిని ఆ ప్రశ్న అడగకూడదు. "ఉన్నాననుకుంటున్నా సార్. ఎందుకలా అడిగారు? కింద ఏమైనా కనిపించిందా? చక్రం ఊడిందా?"

"మా ఆవిడ? మా ఆవిడ ఉందా?"

"ఉన్నారు సార్. కిటికీలోంచి చూస్తున్నారు. మీరెందుకు ఏడుస్తున్నారు?"

"అక్కడ దిగకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను! అక్కడ ఏదో ఘోరం జరిగింది. నెత్తురు! బావను పెరికి తీశారు. నలుగురు మూలుగుతున్నారు, డాక్టరొక్కడే!"

పైలట్ నెమ్మదస్తుడు. తొందరపడి ఏదీ చేసే రకం కాదు. కానీ అవతలి రేడియోను ఆయన ఇంతకుముందే రెండుసార్లు పిలిచాడు, పలికినవాడు లేడు. ఈ కబురుతో అది సరిపోయింది. "సరే సార్, వెనక్కి తిప్పేస్తున్నా" అన్నాడు. ఆ గొంతులో నెమ్మది కాస్త తగ్గింది.

ఆవిడ బతికే ఉంది! ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ప్రాణం సరిగ్గా కుదురుకునేలోగా డ్రైవరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సార్, పోయిన దూరమంతా వెనక్కి రావాలి కదా. ఆయిలు సరిపోతుందా? పోసేది ముప్పావుగంటకే కదా?"

ఆయిలు ఎంత పోస్తారో ఆయన ఎప్పుడూ అడగలేదు. ముప్పావుగంట అన్న ముక్క తప్ప ఆ విమానం గురించి తనకు ఇంకేమీ తెలియదని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఎగిరిపోతున్నదాన్ని తనే వెనక్కి పిలిచాడు. దాటిన కొండల్ని మళ్ళీ దాటించబోతున్నాడు. ఆయిలు అయిపోతే అది తన పాపమే.

"ఫైరింజను తియ్యవయ్యా!" అని అరిచాడు.

డ్రైవరు ఈ మాట కోసం నౌకరీలో చేరినప్పటినుంచీ ఎదురుచూస్తున్నాడు. ఇంజను రన్‌వే పక్కకు పట్టించి సైరను నొక్కాడు. అది అంతకుముందెప్పుడూ మోగలేదు. మోగాక ఆగలేదు. ఎలా ఆపాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

ఊరు ఊరంతా కదిలి వచ్చింది. సైకిళ్ళ మీద, మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు కంచె పట్టుకుని వేలాడారు. రెక్క విరిగిందన్నారు కొందరు, పైలట్‌కు స్పృహ తప్పిందన్నారు కొందరు. ప్రయాణికుల తాలూకు వాళ్ళు గుండెలు బాదుకున్నారు. పిన్ని వాళ్ళందరికీ టీ పోస్తూ, "నలుగురేనమ్మా, నలుగురే" అని ఓదార్చబోయింది. దాంతో ఏడుపులు రెట్టింపయ్యాయి.

ఆ గోలలో ఆయన ఫోను మోగింది. చూస్తే మరదలు.

"బావగారూ, అక్క ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా."

"వెనకాల ఏమిటా చప్పుడు?"

"అది... ఫైరింజను కడుగుతున్నారు."

"అక్క దిగగానే నాకు ఫోను చెయ్యమనండి. డాక్టరుగారు వచ్చేశారు. నాకు భయంగా ఉంది బావగారూ."

"నాకూనమ్మా" అనబోయి ఆపుకుని, "దిగుతుంది" అన్నాడు. ఎక్కడ దిగుతుందో చెప్పలేదు.

కొండల మీద చుక్క కనబడింది. చుక్క పెరిగి విమానమైంది. గదిలోకి పోదామని ఆయన కాళ్ళు తిరిగాయి. కానీ ఆ ఇనుము లోపల ఉన్నది ఆవిడ. కళ్ళు మూసుకుంటే తను చూడని ఆ క్షణంలోనే ఏదో అయిపోతుందనిపించింది. బతుకులో మొదటిసారి విమానం నేలకు దిగడం ఆయన కళ్ళు విప్పి చూశాడు. ఊపిరి బిగబట్టి, పళ్ళు కరిచి, అంగుళం అంగుళం తనే మోసి దించుతున్నట్టు చూశాడు. అది మామూలుగానే దిగింది.

లోపలున్నవాళ్ళకు ఆ సంగతి తెలియదు. కిటికీల్లోంచి వాళ్ళకు కనబడింది సైరను మోగిస్తున్న ఫైరింజను, ఏడుస్తున్న ఊరు. తమ విమానం తగలబడుతోందని అందరూ ఒకేసారి అనుకున్నారు. తలుపు తెరవగానే ఒకరి మీద ఒకరు పడుతూ దూకారు. డ్రైవరు కూడా అదే అనుకున్నాడు. పైపు ఎత్తి పట్టి నీళ్ళు వదిలాడు. ముందు దూకిన లావుపాటి కాంట్రాక్టరు ఆ ధాటికి కూర్చుండిపోయాడు. వెనకవాళ్ళు పీకల్దాకా తడిసి, పట్టలేనంత ఆవేశంతో లేచారు. ముప్పావుగంట గారి భార్య మాత్రం అందరూ దిగాక, నీళ్ళు అయిపోయాక, సంచి పట్టుకుని నిదానంగా మెట్లు దిగింది.

ఆయన పరుగెత్తుకెళ్ళి, అంతమంది ముందూ ఆవిడను కావలించుకున్నాడు. కంచె అవతల ఒక్కసారిగా ఏడుపులు ఆగాయి. వాళ్ళింట్లో నాలుగు గోడల మధ్య కూడా అలాంటిది జరిగి చాలా కాలమైంది.

"వదలండీ, అందరూ చూస్తున్నారు" అంది ఆవిడ. వెంటనే, "అక్కడ ఏమైందండీ? ఏదో ఘోరమన్నారు కదా? చెల్లి అక్కడ..." అంటూ గాబరా పడింది.

జవాబు ఆయన ఫోనులోంచి వచ్చింది. అవతలి బావ! నోట్లో దూది కుక్కుకుని మాట్లాడుతున్నాడు. ముక్కలు ముక్కలుగా తేలిందేమంటే, పొద్దున లేచేసరికి దంతం పోటు భరించలేక పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాడట. పన్ను పెరికేటప్పుడు ఫోను చెయ్యడం కుదరదు కదా అని, వంతు రాగానే ముందే మిస్డ్ కాల్ ఇచ్చేశాడట.

"ముందే ఎలా ఇస్తావు బావా? విమానం దిగితే కదా దిగిందని చెప్పాలి?"

"రోజూ అంతే కదా బావా" అన్నాడు అవతలి బావ అమాయకంగా. "ఎలాగూ ముప్పావుగంటలో వస్తుంది. దాని కోసం ఎండలో నిలబడి చూడడమెందుకని గదిలోంచే ఇస్తున్నా. ఏళ్ళయింది."

ఇన్నేళ్ళూ ఆ ఒక్క మోత విని, ముప్పావుగంట గారు అందరూ క్షేమంగా చేరారని తాళం వేసుకుని వెళ్ళి పడుకున్నాడు. తను లేచేది చూడలేదు, బావ దిగేది చూడలేదు. మధ్యలో ఆ విమానం ఎవరి పూచీ మీద ఎగిరిందో తలుచుకుంటేనే కళ్ళు తిరిగాయి.

పైలట్ విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు. "అంతా బాగానే ఉంది సార్. ఆయిలు రెండుసార్లు పోయి వచ్చేంత ఉంది. ఎక్కితే ఇప్పుడే బయలుదేరదాం."

"ఎవడు ఎక్కుతాడయ్యా?" అన్నాడు కాంట్రాక్టరు, చొక్కా పిండుకుంటూ. ఆ విమానంలో పైలట్‌కూ ప్రయాణికులకూ మధ్య తలుపు లేదు. రేడియోలో నడిచిన సంభాషణంతా అందరూ విన్నారు. "బతికే ఉన్నారా అని అడుగుతాడా ఈయన? మేం మబ్బుల్లో ఉండగా? ఇక నేను ఎక్కను. మీలో ఎవరైనా ఎక్కుతారా?"

ఎవరూ ముందుకు రాలేదు. తడిసిన తలలన్నీ అడ్డంగా ఊగాయి.

"ఒక్క ప్రయాణికురాలి కోసం విమానం తియ్యడానికి నాకు వీల్లేదు సార్" అన్నాడు పైలట్, ఆవిడ వైపు చూడలేక.

"విమానానికి ఏమీ కాలేదండీ! బ్రహ్మాండంగా ఉంది!" అన్నాడు ముప్పావుగంట గారు దీనంగా.

"అంత బ్రహ్మాండంగా ఉంటే మీరెక్కండి. మీరెక్కితే మేమూ ఎక్కుతాం."

"అదీ మాట!" అన్నారు మిగతావాళ్ళు.

"ముప్పావుగంటే కదా మాస్టారూ!" అని కంచె అవతలనుంచి ఎవరో అరిచారు. ఊరంతా పకపకా నవ్వింది.

ఆయన కౌంటరు గది వైపు వేలు చూపించాడు. "నేను కౌంటరు వదలకూడదు. రూలు ఒప్పుకోదు" అన్నాడు.

"నేను చూసుకుంటా సార్" అన్నాడు డ్రైవరు. ఇంకా మోగుతున్న సైరను పక్కన నిలబడి అతనా మాట అంటుంటే, కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆయనకు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కాస్త పక్కకు తీసుకెళ్ళింది. కోపంగా లేదు. అదే ఆయనకు భరించరానిదైంది. "ఫరవాలేదండీ. మీరు ఎక్కలేరు. చెల్లికి ఫోను చేసి, ధైర్యం తెచ్చుకుని లోపలికి వెళ్ళమని నేనే చెబుతాను. వచ్చే వారం దాకా ఆగితే గడ్డ ఏమవుతుందో" అని ఫోను తీసింది. చెల్లెలి నంబరు నొక్కబోతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆ ఫోను మీద చెయ్యి పెట్టాడు.

మెట్లు నాలుగే. నాలుగో మెట్టు మీద ఆయన కాలు ఎత్తలేకపోతే, వెనకనుంచి కాంట్రాక్టరు లోపలికి నెట్టాడు.

సీట్లో కూర్చోగానే కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. కాసేపయ్యాక, "ఎంత దూరం వచ్చాం?" అన్నాడు.

"ఇంకా తలుపు వెయ్యలేదండీ."

ఇంజను రొద పెరిగింది. పట్టుకోవడానికి బల్ల లేదు. నేల కిందికి జారిపోయింది, కడుపు దాంతోపాటే పోయింది. ఇక అయిపోయిందనుకున్నాడు. ఏమీ అయిపోలేదు. అందుకని ఇంకా భయపడుతూ కూర్చోవలసి వచ్చింది.

"సార్," వెనకనుంచి కాంట్రాక్టరు భుజం తట్టాడు, "రెక్క ఊగుతోంది. మామూలేనా?"

"మామూలేనండీ" అన్నాడు ఆయన అలవాటు కొద్దీ, కళ్ళు తెరవకుండానే.

"చూడకుండానే చెబుతున్నారే!"

"చూస్తే చెప్పలేనండీ."

ఆవిడ నవ్వాపుకుంటోందని చేతి వణుకును బట్టి ఆయనకు తెలిసింది. గొంతు బాగా తగ్గించి, "పొద్దున నువ్వు రమ్మన్నప్పుడు... పని ఉండి కాదు. నాకు భయం" అన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ దాచుకున్న మాట అది.

"తెలుసండీ."

"తెలుసా? ఎప్పటినుంచి?"

"డాబా మీద బట్టలు తియ్యమంటే పిట్టగోడకు బారెడు దూరంలో నిలబడి కర్రతో లాగేవారు. అప్పటినుంచి."

ఇంతకాలం ఆవిడ ఒక్కమాట అనలేదే అనుకున్నాడు. "నీకు భయం లేదా మరి?"

"పొద్దున ఉండేది. రేడియోలో మీ ఏడుపు విన్నాక పోయింది. ఇంత భయపడే మనిషి ఒకరు కింద ఉంటే, ఇక నేనెందుకు పడడం?" అని ఆయన వేళ్ళను రెండు చేతులతో మూసింది. "కొండలు ఎంత చిన్నగా ఉన్నాయో! ఒక్కసారి చూడండి."

"నువ్వు చూసి చెప్పు."

ఆవిడ చెప్పింది. ఆయన విన్నాడు. లోకంలో అంత పొడుగైన ముప్పావుగంట ఇంకొకటి లేదు.

అవతల ఒక మనిషి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని ఎండలో రన్‌వే పక్కనే నిలబడి ఉన్నాడు. ఏళ్ళ తర్వాత విమానం దిగేది చూడడానికి వచ్చిన అవతలి బావ. ఆయన్ను చూడగానే చెయ్యి చేసుకోవాలనే అనుకున్నాడు ముప్పావుగంట గారు. కానీ కాలికి నేల తగిలిన ఆనందంలో వెళ్ళి గట్టిగా వాటేసుకున్నాడు. వాచిన బుగ్గ నలిగి బావ పెట్టిన కేక రన్‌వే ఆ చివరిదాకా వినిపించింది.

ఆసుపత్రిలో చెల్లెలిని తోపుడు మంచం మీద తలుపు దాకా తీసుకొచ్చేశారు. అక్క పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "వచ్చావా" అంది చెల్లెలు, అంతే, కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరుగారు బయటికొచ్చి గడ్డ తీసేశామనీ, భయం లేదనీ చెప్పేదాకా ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. చెప్పాక గోడకు చేరబడి, తనకే ఆపరేషను అయినట్టు నీరసపడిపోయాడు.

"నేను నాలుగు రోజులుండి వస్తాను. మీరు సాయంత్రం విమానానికి వెళ్ళిపోండి" అంది ఆవిడ. "మిమ్మల్ని చూస్తే ముచ్చటేస్తోందండీ. భయం పూర్తిగా పోయింది కదూ?"

"పూర్తిగా పోయింది" అన్నాడు ఆయన ధీమాగా. ఆవిడ కనుమరుగయ్యేదాకా విమానాశ్రయం వైపే నడిచాడు కూడా.

మర్నాడు తొమ్మిది గంటల విమానం మధ్యాహ్నమైనా కదల్లేదు. కౌంటరు గది తాళంచెవులు జేబులో వేసుకున్న మనిషి ఇంకా కొండదారిన బస్సులోనే ఉన్నాడు.